ఇరవై ఏళ్ళ పాత మోటార్ హోమ్ కొనొచ్చా? ముందు పైకప్పు చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర ఉంటున్నారు, ఇద్దరు చిన్నపిల్లలు. మే నెలలో గుంటూరు నుంచి అమ్మానాన్న ఆరు నెలలకి వస్తున్నారు. వాళ్ళని బిగ్ బెండ్, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు తిప్పాలని 2006 మోడల్ క్లాస్ సీ మోటార్ హోమ్ (ముందు వ్యాన్ క్యాబిన్, వెనక ఇల్లు కట్టిన బండి) ఒకటి చూశారు. ఫోర్డ్ ఈ-450 ఛాసీ (కింది చట్రం) మీద కట్టిన 28 అడుగుల బండి, 41 వేల మైళ్ళు తిరిగింది, ఓనర్ 24,500 డాలర్లు అడుగుతున్నాడు. మీ దగ్గరున్నది మొత్తం 25 వేలు. "ఇంత తక్కువ తిరిగింది కదా, తీసేసుకోవచ్చా? లైసెన్స్ వేరే కావాలా? ఇంటి ముందు పెట్టుకోవచ్చా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. పాత మోటార్ హోమ్ కొనొచ్చు. మొదటిసారి కొనేవాళ్ళకి నేనైతే పాతదే మేలంటాను, కొత్తదాని ధర షోరూమ్ గేటు దాటగానే పడిపోతుంది కాబట్టి. కానీ ఈ బడ్జెట్‌తో ఈ ధరకి వద్దు. చేతిలో 25 వేలుంటే 17 వేల బండి చూడాలి. మిగతా ఎనిమిది వేలు మొదటి ఏడాదిలోనే టైర్లకి, బ్యాటరీలకి, సీలింగ్ పనికి, రిజిస్ట్రేషన్‌కి, అనుకోని ఒక పెద్ద రిపేరుకి వెళ్ళిపోతాయి. అవేవీ రావులే అనుకుని మొత్తం బండికే పెట్టేసినవాళ్ళ బండ్లు రెండో వేసవికల్లా మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. ఇక ఆ 41 వేల మైళ్ళ అంకె మీరు చూడాల్సిన వాటిలో ఆఖరిది.

నేను హ్యూస్టన్ పక్కన ఉంటాను. 2004 క్లాస్ సీ ఒకటి చాలా ఏళ్ళుగా నా దగ్గరుంది, అంతకుముందు కొన్నాళ్ళు బస్సులా ఉండే క్లాస్ ఏ నడిపాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే. ఈ పిచ్చి వల్ల మనవాళ్ళెవరైనా కొంటున్నారంటే టార్చిలైటు, తేమ మీటరు పట్టుకుని వెంట వెళ్తుంటాను. మెకానిక్‌ని కాను, కిందకి దూరి చూసే అలవాటున్న ఓనర్ని అనుకోండి.

పాత మోటార్ హోమ్‌ని చంపేది ఇంజిన్ కాదు, వాన నీళ్ళు. ఈ బండి రెండు కంపెనీల పని. ఇంజిన్, ఛాసీ, డ్రైవర్ క్యాబిన్ ఫోర్డ్‌వి. దాని మీద ఇల్లు కట్టేది మరో కంపెనీ. అలాంటివి చాలావరకు ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ ఇంటి గోడంటే బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు, మధ్యలో ఫోమ్, లోపల పల్చటి ప్లైవుడ్, అన్నీ జిగురుతో అంటించినవే. పైకప్పు చాలా బండ్లలో ప్లైవుడ్ మీద పరిచిన రబ్బరు పొర. ఏసీకి, ఫ్యాన్లకి, స్నానాల గది స్కైలైటుకి, టాంకుల గాలిగొట్టాలకి ఆ పొరలో బోలెడు కన్నాలు పెడతారు. ప్రతి కన్నం చుట్టూ సీలెంట్ పూస్తారు. టెక్సస్ ఎండకి ఆ సీలెంట్ కొన్నేళ్ళలో ఎండి బీటలిస్తుంది. ఏడాదికోసారైనా నిచ్చెనేసుకుని పైకెక్కి, బీటలిచ్చిన చోట కొత్తది పూసేవాడి బండి ఇరవై ఏళ్ళయినా గట్టిగానే ఉంటుంది. అసలు పైకే ఎక్కనివాడి బండి ఎనిమిదేళ్ళకే లోపల్నుంచి చివికిపోతుంది. కడిగి పాలిష్ పెడితే బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి, చిక్కంతా అక్కడే.

క్లాస్ సీలో తరచుగా ముందు కారేది డ్రైవర్ నెత్తి మీద ముందుకి పొడుచుకొచ్చిన పడక. హైవే మీద గాలీ వానా తిన్నగా వచ్చి దానికే కొడతాయి. దాని పైఅంచున ఐదు చిన్న నారింజరంగు దీపాలుంటాయి, వాటి స్క్రూల దగ్గర్నుంచి చుక్కచుక్కగా నీళ్ళు దిగడం ఈ బండ్లలో మామూలు రోగం. అందుకని బండి దగ్గరికి వెళ్ళగానే ఇంజిన్ స్టార్ట్ చేయించకండి. పైపడక ఎక్కండి. పరుపు పూర్తిగా ఎత్తి, ముందువైపు రెండు మూలల్లో ప్లైవుడ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి చెక్కయితే వేలు నొప్పి పుడుతుంది. తడిసి తడిసి ఎండిన చెక్కయితే టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి దిగుతుంది.

ఇలాంటిదే ఒకటి చెప్తాను. ఆస్టిన్ వైపు ఒక పెద్దాయన అమ్ముతున్న బండి. మీదానికంటే తక్కువ మైళ్ళు, సోఫాల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో వరసగా పెట్టాడు. నాతో వచ్చిన కుర్రాడు చెక్కుబుక్కు తీయబోయాడు కూడా. పైపడక మూలలో గోడకి అంటించిన కాగితం మాత్రం మిగతా గోడకంటే ఒక ఛాయ కొత్తగా ఉంది. నొక్కితే వేలు దిగింది. మీటరు పెడితే ముల్లు చివరికంటా వెళ్ళింది. పెద్దాయన అబద్ధమేం చెప్పలేదు, పాపం ఆయనకీ తెలియదు. కాగితం అంటించింది అంతకుముందు ఓనరు. అక్కణ్ణుంచి వచ్చేశాం.

పైపడక అయ్యాక వెనకాల పడక చుట్టూ ఉండే అలమరలు తెరిచి, పైమూలల్లో టార్చి వేయండి. గోధుమరంగు మరకల్ని వెతకండి. స్కైలైటు చుట్టూ, టాయిలెట్ మొదట్లో, గుమ్మం లోపల మెట్టు దగ్గర పాదంతో నొక్కండి. నేల మెత్తగా కుంగితే కింద ప్లైవుడ్ పోయినట్టే. బయటికొచ్చి గోడల మీద అరచెయ్యి ఆనించి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిమరండి. ఎక్కడైనా పొక్కులాంటి ఉబ్బు తగిలితే లోపల జిగురు ఊడి గోడ పొరలు విడిపోయాయన్నమాట. పక్కనుంచి ఎండ పడే వేళ వెళ్తే ఆ ఉబ్బులు కంటికే కనిపిస్తాయి. తర్వాత ఓనర్ని అడిగి పైకప్పు చూడండి, ఆయన నిచ్చెన ఎక్కనివ్వనంటే బేరం అక్కడితో ఆపేయండి. తేమ మీటరు హార్డ్‌వేర్ షాపులో ముప్ఫై నలభై డాలర్లకి దొరుకుతుంది. వీలైతే బాగా వానపడ్డ మర్నాడు వెళ్ళండి. తలుపు తీయగానే బూజు వాసనొచ్చినా, మూలమూలనా సెంటు డబ్బాలు పెట్టి ఉన్నా ఒకటే అర్థం.

"చిన్న లీకే, పోయినేడు సీల్ చేయించాను" అంటారు. చేయించే ఉండొచ్చు. కానీ లోపల పోయిన చెక్క పోయినట్టే ఉంటుంది. పైకప్పు పూర్తిగా మార్చాలంటే బండి పొడవు ప్రకారం లెక్కేస్తారు, అడుగుకి మూడొందల డాలర్ల లెక్కన వేసుకున్నా 28 అడుగులకి ఎనిమిది వేలు దాటుతుంది. గోడ ఫ్రేము కూడా పుచ్చితే బండి విలువ కంటే రిపేరే ఎక్కువ. లీకున్న బండికి ఎంత తగ్గించినా ధర తగ్గినట్టు కాదు. పనిముట్లుండి, గ్యారేజీలో నెలల తరబడి చెక్కపని చేయగలిగినవాళ్ళ సంగతి వేరు. ఉద్యోగం, పిల్లలు, పెద్దవాళ్ళున్న మీకు అది పనికిరాదు.

ఇప్పుడు మైళ్ళ సంగతి. ఇరవై ఏళ్ళలో 41 వేల మైళ్ళంటే ఏడాదికి రెండు వేలు. ఎక్కువకాలం నిలబడే ఉంది. కారుకి తక్కువ మైళ్ళు సుగుణం కావచ్చు. మోటార్ హోమ్‌కి నిలబడి ఉండటమే ఎక్కువ చేటు. టైర్లు ఎండకి పగుళ్ళిస్తాయి, పెట్రోలు జెనరేటర్ కార్బ్యురేటర్లో జిగటగా గడ్డకడుతుంది, బ్రేకు కాలిపర్లు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. అద్దెకి తిప్పే కంపెనీలు అమ్మేసే బండ్లు లక్ష మైళ్ళకి పైబడి ఉంటాయి, లోపల అలంకారాలేం ఉండవు. అలాంటిది కొన్న మా కొలీగ్ ఒకాయన నిక్షేపంగా తిప్పుతున్నాడు. ఆ బండి ఎప్పుడూ కదులుతూనే ఉంది, ఆయిలు వేళకి మారుతూ వచ్చింది.

ఫోర్డ్ 6.8 లీటర్ల వీ-10 ఇంజిన్ గురించి పెద్దగా బెంగపడనక్కర్లేదు. 1990ల చివర్నుంచి 2019 దాకా క్లాస్ సీల్లో ఎక్కువభాగం దీనితోనే నడిచాయి. ఏ ఊరి మెకానిక్కైనా తెలుసు, పార్టులు దొరుకుతాయి. మొదట్లో వచ్చిన వాటిలో స్పార్క్ ప్లగ్ బిగిసే మరలు తక్కువగా ఉండి, ప్లగ్ ఊడి బయటికి ఎగిరొచ్చేది. ఆ తర్వాత వాటిలో మరలు పెంచారు. గ్యాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్ళు ఇస్తుంది, అంతకుమించి ఆశించకండి. మీ ఇంటినుంచి ఎల్లోస్టోన్ 1,300 మైళ్ళ పైమాటే, అంటే వెళ్ళడానికే నూటయాభై గ్యాలన్ల దాకా లెక్కేసుకోండి. అదే వయసు మెర్సిడెస్ స్ప్రింటర్ డీజిల్ బండి కనిపిస్తే మైలేజీ చూసి మోజుపడొద్దు. దారిలో ఆగిపోతే దాన్ని ముట్టుకునే మెకానిక్ దొరకడం కష్టం, దొరికినా బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

టైరు తేదీ చదవడం నేర్చుకోండి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కొన్ని టైర్లకి ఈ నాలుగంకెలు లోపలివైపే ఉంటాయి, చాప వేసుకుని కిందకి దూరాలి. వెనకాల జతటైర్లలో లోపలి రెండూ తప్పకుండా చూడండి, బయటి నాలుగూ మార్చి లోపలివి పాతవే వదిలేసే మహానుభావులున్నారు. ట్రెడ్ ఎంత ఉన్నా ఏడేళ్ళు దాటితే నేను మార్చేస్తాను. ఆరు టైర్లకి బిగింపుతో కలిపి 1,200 నుంచి 1,500 డాలర్లు పెట్టుకోండి. గంటకి 65 మైళ్ళ వేగంలో టైరు పేలితే బండి అదుపు తప్పడం ఒక్కటే కాదు, పేలిన టైరు ముక్కలు కింద ఉన్న మురుగు గొట్టాన్నీ గ్యాస్ పైపునీ కూడా లాక్కుపోతాయి.

ఇంకో మాట. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంతవాడకం బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే ఆ బండి బ్రేకులు, స్టీరింగ్, లైట్లు బయటివాళ్ళెవరూ చూసి ఉండకపోవచ్చు. లారీలకి పనిచేసే గ్యారేజీలో లిఫ్ట్ మీద పెట్టించి ఛాసీ చూపించండి. ఇంటిభాగానికి విడిగా సర్టిఫికెట్ ఉన్న ఆర్‌వీ (ఇలాంటి ఇంటిబండ్లని ఇక్కడ అలా అంటారు) ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. కొన్ని వందల నుంచి వెయ్యి దాటి కూడా తీసుకుంటారు. పదిహేడు వేల బండికి అంత దేనికి అనిపించొచ్చు. నా మాట వినండి, మొదటి బండికి పెట్టండి. వాళ్ళు పనిచేస్తున్నంతసేపూ పక్కనే ఉంటే మీకు బండి మీద పాఠం కూడా అయిపోతుంది.

ఇంట్లో సామాను పరీక్షకి ఓనర్‌కి ముందురోజే ఫోన్ చేసి ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమనండి. ఈ పాత బండ్లలో ఫ్రిజ్‌కి మనింట్లో దానిలాగ కంప్రెసర్ ఉండదు. అమ్మోనియాని వేడిచేసి చల్లదనం పుట్టిస్తుంది, కరెంటుతోనూ గ్యాస్‌తోనూ నడుస్తుంది. చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది. "ఇప్పుడే ఆన్ చేశాను, పనిచేస్తుంది లెండి" అన్న మాట చెల్లదు. బయటనుంచి ఫ్రిజ్ వెనక తలుపు తీసి చూడండి. గొట్టాల మీద పసుప్పచ్చ పొడి ఉన్నా, ముక్కు మండే వాసనొచ్చినా కూలింగ్ యూనిట్ పోయింది. ఈ రకం ఫ్రిజ్‌లు కొన్నిటికి మంటల ప్రమాదం వల్ల రీకాల్స్ (లోపమున్నవాటిని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం) వచ్చాయి. బండి విన్ నంబరుతో (బండి గుర్తింపు నంబరు) ఛాసీ రీకాల్స్ చూసుకోండి, ఇల్లు కట్టిన కంపెనీ పేరుతోను, ఫ్రిజ్ మోడల్ నంబరుతోను విడివిడిగా చూడండి. మూడూ వేర్వేరు.

జెనరేటర్ స్టార్టయితే సంబరపడిపోకండి, దాని మీద ఏసీ వేసి అరగంట నడపండి. అప్పుడే బరువు మోస్తుందో లేదో తెలుస్తుంది. ట్యాంకులో పెట్రోలు పావుకి తగ్గితే జెనరేటర్ ఆగిపోతుంది, మీరు అడవిలో చిక్కుకోకుండా కావాలనే అలా పెడతారు. అది చెడిపోయిందనుకుని ఓనర్‌తో గొడవపడకండి. గ్యాస్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ల వెనక తేదీలుంటాయి. గడువు తీరినవైతే మొదటి రాత్రి పడుకునే ముందే మార్చండి, ఇక్కడ పొదుపు వద్దు. పోతే, గొట్టాల్లో నీళ్ళు నింపించి పంపు ఆన్ చేయండి, కుళాయిలన్నీ కట్టేయండి. ఎక్కడా లీకు లేకపోతే పంపు కొద్దిసేపటికి నోరు మూసుకోవాలి. మాటిమాటికీ గుర్రుమంటుంటే ఎక్కడో కారుతోంది. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో గొట్టాలు పగలని ఊరు లేదు, ఆ వారం బండి ఎక్కడుంది, నీళ్ళు తీసేశారా అని అడగండి. జవాబు కంటే చెప్పేటప్పుడు మొహం చూడండి.

బండి కట్టిన కంపెనీ ఇప్పుడుందా లేదా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఫ్లీట్‌వుడ్, మొనాకో రెండూ 2009లో దివాలా తీశాయి. అయినా స్టవ్వులు, హీటర్లు, పంపులు అందరికీ ఒకరిద్దరు తయారీదార్ల దగ్గర్నుంచే వస్తాయి కాబట్టి అవి దొరుకుతాయి. తలుపు పట్టీలు, కిటికీ అద్దాలు, ముందుభాగం ఫైబర్ ముక్కలు మాత్రం వెతుక్కోవాలి. విన్నెబేగో పాత మోడళ్ళ వైరింగ్ పటాలు, పార్టుల పటాలు నెట్‌లో ఊరికే పెట్టింది, ఆ ఒక్క కారణానికే నేను దానివైపు కాస్త మొగ్గు చూపుతాను. ఇంకోటి, గోడ బయటికి జరిగే స్లైడ్‌లు పాత బండిలో ఎంత తక్కువుంటే అంత మంచిది. ప్రతి స్లైడూ నీళ్ళు దూరే ఇంకో దారి.

మన వంటల సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. మీ బండికి 30 ఆంపుల కనెక్షన్ ఉంటుంది. 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. పైన ఏసీ ఒక్కటే పదమూడు పదిహేను ఆంపులు తింటుంది. దానికి తోడు ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు, ఇండక్షన్ మీద కూర, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే బ్రేకర్ టప్పున పడుతుంది. వాటర్ హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చడం, ఏసీ నడిచేటప్పుడు ఒక్క వంట సామానే వాడటం అలవాటు చేసుకోవాలి. లోపల ఇంగువ పోపు వేశారంటే పొగ అలారం మొత్తం క్యాంపునే లేపుతుంది. మేం బయట గుడారం కింద బల్ల వేసి, చిన్న గ్యాస్ స్టవ్ మీద తాలింపులు, చేపల పులుసు కానిస్తాం. పరుపులకి వాసన పట్టదు.

ఇంటి దగ్గర 30 ఆంపుల ప్లగ్ పెట్టించేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కనే ఉండండి. ఆ సాకెట్ మూడు రేకులతో బట్టలారబెట్టే మిషన్ సాకెట్‌లాగే కనపడుతుంది. ఆర్‌వీలు తెలియని ఎలక్ట్రీషియన్ దానికి 240 వోల్టులిచ్చేస్తాడు. కావాల్సింది 120. మా వీధిలోనే ఒకరింట్లో ఇలా జరిగి మైక్రోవేవ్, కన్వర్టర్, టీవీ అన్నీ ఒక్క క్షణంలో కాలిపోయాయి. ప్లగ్ పెట్టేముందు మీటరుతో కొలవండి. క్యాంపుల్లో కరెంటు కూడా నమ్మలేం, మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి కొనుక్కోండి.

టాయిలెట్ గురించి అమ్మానాన్నకి ముందే చెప్పడం మంచిది. మురుగు ట్యాంకులో కాగితం గడ్డకట్టడం అమెరికావాళ్ళకి పెద్ద తలనొప్పి, నీళ్ళు ఎక్కువ పొయ్యండని ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. మన మగ్గు అలవాటు ఇక్కడ కలిసొస్తుంది. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. ఆరుగురుంటే రెండు మూడు రోజులకోసారి ఖాళీ చేయాల్సిందే. క్యాంపులో మురుగు గొట్టం తగిలించి ఉన్నప్పుడు కూడా ఆ ట్యాంకు వాల్వు తెరిచి వదిలేయకండి. నీళ్ళు పోయి గట్టిది మిగులుతుంది. మూడొంతులు నిండాక ఒక్కసారే వదలాలి.

మీరు అడగలేదు గానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సీట్ల సంగతి. పడకలు ఎనిమిదని ప్రకటనలో రాస్తారు, బెల్టులు ఎన్నో రాయరు. లెక్కపెట్టండి. పక్కకి తిరిగుండే సోఫాలో బెల్టున్నా పిల్లల సీటు పెట్టకూడదు. బల్ల దగ్గర ముందుకి చూసే బెంచీలో చాలా పాత బండ్లకి నడుం బెల్టు మాత్రమే ఉంటుంది, బూస్టర్ సీటుకి భుజం బెల్టు కావాలి. పైగా ఆ బెంచీ చెక్కతో కట్టిందే. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మా ఆవిడ వాళ్ళని కార్లో వెనకాలే తీసుకొచ్చేది. మీరూ అదే చేయండి. అక్కడికెళ్ళాక పార్కులో తిరగడానికి ఎలాగూ చిన్నబండి కావాలి. పెద్దవాళ్ళకి వెనకాల పడక ఇవ్వండి, పైపడకకి నిచ్చెన వాళ్ళవల్ల కాదు. గుమ్మం మెట్టు చాలా ఎత్తు, పట్టుకోవడానికి పిడి ఉన్న స్టూలు ఒకటి కొనండి.

పొడవు వల్ల వచ్చే చిక్కులు కొన్ని ముందే తెలుసుకోండి. బిగ్ బెండ్‌లో చీసోస్ బేసిన్ దారికి 24 అడుగులు మించిన ఆర్‌వీలు వద్దంటారు, మీరు రియో గ్రాండే విలేజ్ అనే క్యాంపు వైపు దిగాలి. గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద ఎత్తైన భాగానికి 21 అడుగులు దాటితే అసలు రానివ్వరు. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఎలుగుల వల్ల గట్టి గోడలున్న బండ్లనే ఉండనిస్తారు, అక్కడ మీకే లాభం. కొన్ని ప్రైవేటు పార్కులు పదేళ్ళు దాటిన బండ్లని తీసుకోవు, బుక్ చేసేముందు ఫోన్ చేయండి. ప్రభుత్వ పార్కులకి ఆ పట్టింపు లేదు. బండి ఎత్తు ఏసీతో సహా కొలిచి, డ్యాష్‌బోర్డు మీద పెద్దంకెలతో రాసి అంటించండి.

లైసెన్స్ గురించి: టెక్సస్‌లో 26 వేల పౌండ్ల లోపు బండికి మీ మామూలు లైసెన్స్ చాలు. ఇది 14 వేల పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. అయితే ఆ 14 వేల పరిమితిలోనే బండి, మనుషులు, నీళ్ళు, సామాను అన్నీ ఇమడాలి. గ్యాలన్ నీళ్ళు ఎనిమిది పౌండ్ల పైన, నలభై గ్యాలన్లు నింపితేనే మూడొందల ముప్ఫై. ఆరుగురు మనుషులు, బియ్యం మూట, కుక్కర్లు, కుర్చీలు కలిపి ఒకసారి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీల కాటా) మీద తూయించండి. నిండా ఎక్కించాక నడక మారుతుంది, కొండ దిగేటప్పుడు గేరు కర్ర చివరున్న టో-హాల్ బటన్ నొక్కితే ఇంజినే వేగాన్ని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలవు.

ఇంటి ముందు పెట్టడం: మీ వైపు కాలనీల్లో చాలా హెచ్‌ఓఏలు (ఇళ్ళ ఓనర్ల సంఘాలు) ఒప్పుకోవు, సామాను ఎక్కించుకోవడానికి ఒకటి రెండు రోజులిస్తాయి అంతే. ముందు ఆ కాగితాలు చదవండి. బయట స్టోరేజీకి నెలనెలా డబ్బు పోతుంది. పైకప్పున్న చోటు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, ఎండా వడగళ్ళూ రెండూ తప్పుతాయి. ఇన్సూరెన్స్ మోటార్ హోమ్‌ది విడిగా ఉంటుంది. రోడ్డు మీద ఆగితే లాగే పథకం మోటార్ హోమ్‌కి వర్తిస్తుందో లేదో అడగండి, కార్లకిచ్చేది దీన్ని ముట్టుకోదు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) అమ్మేవాడి పేరు మీదే ఉండాలి, బ్యాంకు అప్పు ఉండకూడదు. వరదల్లో మునిగిన బండ్లు 2017 హార్వీ తర్వాత ఎటెటో వెళ్ళాయి, ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాల్ని పట్టే సంస్థ) సైట్‌లో విన్ నంబరు ఊరికే చెక్ చేసుకోవచ్చు. డబ్బిచ్చేది కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో, ఓనరూ మీరూ ఇద్దరూ కౌంటర్ దగ్గర ఉండగా. 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ అక్కడే కట్టాలి, దాన్ని కూడా ఆ 25 వేలల్లో కలుపుకోండి.

ధరకి ఆధారం కావాలంటే హ్యూస్టన్‌లో ఓనర్ల తరఫున బండ్లు అమ్మిపెట్టే పీపీఎల్ అనే సంస్థ అమ్ముడైన బండ్ల ధరలు సైట్‌లో పెడుతుంది. ప్రకటనల్లో అడిగే ధర వేరు, చేతులు మారిన ధర వేరు. అదే ఏడాది, అదే పొడవున్న వాటిని చూసి, ఆ కాగితంతో మీ ఓనర్ దగ్గరికి వెళ్ళండి. టైర్లు పాతవైతే వాటి ఖర్చు, బ్యాటరీలు పోతే వాటి ఖర్చు ఒక్కొక్కటీ రాసి తగ్గించమనండి. పైకప్పు, గోడలు పొడిగా ఉండి 17 వేల దగ్గరికి దిగితే ఆలోచించొచ్చు. దిగకపోతే దండం పెట్టి వచ్చేయండి.

ఇక నా సలహా, తొందరపడి మే లోపు కొనకండి. వసంతంలో అందరూ కొంటారు, ధరలు అప్పుడే ఎక్కువ. అమ్మానాన్న రాగానే ఇదే సైజు బండి మూడు రాత్రులకి అద్దెకి తీసుకుని టైలర్ స్టేట్ పార్కుకి వెళ్ళండి. మీ ఇంటికి దగ్గర, కరెంటు నీళ్ళు ఉంటాయి. అమ్మగారికి ఆ మెట్లు, ఆ టాయిలెట్, ఆ ఇరుకు పడతాయో లేదో అక్కడే తేలిపోతుంది. పడకపోతే 25 వేలు మీ దగ్గరే ఉన్నాయి, ఎల్లోస్టోన్‌కి విమానంలో వెళ్ళి కారు, హోటలు తీసుకోండి. నచ్చితే లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక బేరాలు మొదలుపెట్టండి. స్టోరేజీ అద్దె ఇంకో చలికాలం కట్టడం ఇష్టంలేని ఓనర్లు అప్పుడు దిగొస్తారు. అక్టోబర్ చివరికి బండి చేతికొస్తే వాళ్ళు తిరిగి వెళ్ళేలోపు బిగ్ బెండ్ వెళ్ళిరావచ్చు, అక్కడ వాతావరణం బాగుండేది కూడా అప్పుడే.